మన గ్యాలరీ ముచ్చట్లు: ‘మ’ దగ్గర ఆగింది

పోయిన నెల ఈ శీర్షికలో మన ఆదివారపు హార్మోనియం బైఠకు గురించి రెండే మాటలు రాసి వదిలిపెట్టినాము. అవి చాలలేదని తరువాత వచ్చిన ప్రశ్నలు చూస్తే తెలిసింది. “అరవై దాటినవాళ్ళు ఇప్పుడు సరిగమలు నేర్చుకుని ఏ కచేరీ చేస్తారండీ?” అని ఒక సోదరుడు అడిగినారు. “మా ఇంటాయనకూ ఆశ ఉన్నది, సిగ్గుపడుతున్నాడు, ఏం చెప్పమంటారు?” అని చెంబూరు నుంచి ఒక సోదరి అడిగినారు. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. కచేరీ ఎవరూ చేయరు. రెండవ ప్రశ్నకు మాత్రం ఈ నెల జాగా అంతా ఇస్తున్నాము.

అసలు సంగతి ఇది. మా గల్లీ భజనలో హార్మోనియం వాయించే పెద్దాయన పోయిన వానకాలంలో కాలం చేసినారు. ముప్పై ఏండ్లకు పైగా ఆ పెట్టె ముందు ఆయన తప్ప ఇంకొకరు కూర్చున్నది లేదు, కూర్చుంటామని అడిగినదీ లేదు. ఆయన పోయినాక రెండు మూడు శనివారాలు ఫోనులోని పాటతో భజన నడిపించినారు. తబలా మనది, తాళాలు మనవి, స్వరం మాత్రం ఫోనుది. అక్కడ చిక్కు వచ్చింది. మా గల్లీ పెద్దమ్మకు ఎనభై దాటినవి. చరణం మధ్యలో ఆమె ఊపిరికి ఆగుతుంది. పెద్దాయన ఉన్నన్నాళ్ళు ఆమె ఆగితే ఆయన వేలూ ఆ స్వరం మీదనే ఆగేది. తిత్తి మెల్లగా ఊదుతూ, ఆమె మళ్ళీ అందుకునేదాకా ఆ ఒక్క స్వరమే సన్నగా నిలిచి ఉండేది. ఫోను నిలవదు. మూడవ శనివారం పెద్దమ్మ సగం చరణంలో తాళాలు కింద పెట్టి, “దాన్నే పాడుకొమ్మను” అని లేచిపోయింది. ఆ తరువాత ఆమె భజనకు రాలేదు.

పెద్దాయన ఇల్లాలు ఆ పెట్టెను భజన గదికి ఇచ్చేసింది. ఒకటే మాట అన్నది: “ఊకె పెడితే చెదలు పడుతది, ఎవరన్న వాయించుండ్రి.” అట్లా మొదలైంది మా చదువు.

మేము ఐదుగురము. మిల్లులో పనిచేసి, 1982 సమ్మె తరువాత మిల్లు గడప మళ్ళీ తొక్కని తాత ఒకరు. ఇంటి దగ్గర కుట్టుమిషను నడిపే వదినె. ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీలు చేసే చెల్లె. బ్యాంకు ఉద్యోగం నుంచి దిగిపోయి, అరవై ఒక్క మెట్ల కీబోర్డు కొనుక్కుని, దాదర్‌లో పియానో క్లాసుకు పోయే అన్న. ఐదవవాళ్ళము ఈ పంక్తులు రాస్తున్న మేము. గిర్గావ్ నుంచి ఒక మరాఠీ మాస్టరు బుధవారం వచ్చి పాఠం చెప్పిపోతారు. ఆదివారం సాయంత్రం మాస్టరు ఉండరు. అది మాకు మేము చెప్పుకునే రోజు: ఈ వారం ఏం వచ్చింది, ఏం రాలేదు.

పియానో అన్నమాట వినగానే మన చాళ్ళలో అందరికీ తెర గుర్తుకు వస్తుంది. 1949లో వచ్చిన ‘అందాజ్’లో దిలీప్‌కుమార్ పియానో ముందు కూర్చున్నాడు, ఆ తరువాత ఎన్ని సినిమాలలో ఎందరు నాయకులు పార్టీలో పియానో దగ్గర నిలబడి మనసులోని బాధ పాడినారో లెక్కలేదు. తెర మీద చూడటమే గాని ముట్టుకున్నవాళ్ళు మనలో ఎందరు? చూస్తే మన ఇళ్ళ చుట్టూ ఉన్నదంతా పాటల పేటే. గ్రాంట్ రోడ్డు మీద 1846లోనే నాటకశాల తెరిచినారు. ఇంగ్లీషువాళ్ళ ‘ప్లే హౌస్’ మన నోళ్ళలో పడి ‘పీలా హౌస్’ అయింది. అటు నడిస్తే 1911లో తెరిచిన ఒపేరా హౌస్. దానికి దగ్గరలోనే, కుమార గంధర్వ చిన్ననాడు చదువుకున్న ప్రొఫెసర్ దేవధర్ సంగీత పాఠశాల. కట్టుబడి పనులకు వచ్చి 1795 తరువాత ఇక్కడ స్థిరపడిన మన కామాఠీ పెద్దల కాలం నుంచి ఇంత సంగీతానికి పక్కింటివాళ్ళమే. వినడానికి చెవులకు తీరిక దొరికింది, చేతులకు దొరకలేదు.

పియానోకూ మన పెట్టెకూ చుట్టరికం ఉన్నది. ఇటలీ దేశంలో క్రిస్టోఫొరీ అనే ఆయన 1700 ప్రాంతంలో పియానో చేసినాడు. ఈనాటి పియానోకు 88 మెట్లు, అందులో 52 తెల్లవి, 36 నల్లవి. మెట్టు నొక్కితే లోపల సుత్తి పోయి తీగను కొడుతుంది. హార్మోనియం తమ్ముడి వరుస. పారిస్‌లో డెబాన్ 1842లో పేటెంటు తీసుకున్నప్పుడు అది కాళ్ళతో తొక్కే వాద్యం, కుర్చీలో కూర్చునేవాళ్ళది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని చేతితో ఊదే పెట్టెగా మార్చినాడు. అప్పుడది నేల మీద చాప పరుచుకున్నవాడి ముందుకు వచ్చింది, భజనలోకి వచ్చింది, మన పద్యనాటకంలోకి వచ్చింది. మెట్ల వరస మాత్రం ఇద్దరన్నదమ్ములకూ ఒకటే. అందుకే పియానో క్లాసుకు పోయే అన్నకూ పెట్టె పట్టుకున్న తాతకూ ఒకటే ఏడుపు.

ఆ ఏడుపు పేరు ‘మ’.

చేతికి వేళ్ళు ఐదు, స్వరాలు పై షడ్జంతో కలిపి ఎనిమిది. మొదటి తెల్లమెట్టు నుంచి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ‘సా రే గ’ అంటాయి. తరువాత ‘మ’కు బొటనవేలు మిగతా వేళ్ళ కిందుగా దూరి రావాలి. ఆ దూరడంలోనే మణికట్టు లేస్తుంది, మోచేయి బయటికి పోతుంది, స్వరం గట్టిగా మొరుగుతుంది లేదా అసలు పలకదు. పిల్లలు దీన్ని ఒక పూటలో పట్టుకుంటారట. మేము మూడు వారాలు ఆ గడప దగ్గరే ఉన్నాము.

మొదటి ఆదివారం అందరమూ ఒకటే మాట చెప్పినాము: “నాకు రాదు.” తాత అయితే, “ఈ చేతులు పోగులకు పుట్టినయి బిడ్డా, పాటలకు కాదు” అన్నాడు. ఐదుగురము ఒకరి తరువాత ఒకరం ‘రాదు, రాదు’ అని, చాయ తాగి ఇంటికి పోయినాము. రెండవ ఆదివారమూ అదే అయ్యేది. నర్సు చెల్లె అడ్డం వచ్చింది. “మా వార్డులో పేషంటు ‘నొప్పి’ అంటే ఊరుకోము. ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగి రాసుకుంటము. తాతా, నీకు ఎక్కడ ఆగింది చెప్పు” అన్నది. తాత కొంచెంసేపు ఆలోచించి, “సా రే గ వరకు బాగనే ఉన్నది, ‘మ’ కాడ ఆగుతది” అన్నాడు. వదినె, “నాకు ‘మ’ వస్తది, దిగేటప్పుడు రాదు” అన్నది. చెల్లె రెండురూపాయల నోటుబుక్కులో ఎవరి పేరు కింద వాళ్ళది రాసింది. ఆనాటి నుంచి మా బైఠకులో ఒకటే కట్టుబాటు: రాదు అనకూడదు, ఎక్కడ ఆగిందో చెప్పాలి. చెంబూరు సోదరి ఇంటాయనకు మేము చెప్పగలిగిన మందు ఉంటే, ఆ రెండురూపాయల నోటుబుక్కే.

(రెండురూపాయల పుస్తకం ఇప్పుడెక్కడిది అనకండి. వెనకటి పుస్తకమే, సగం పేజీలలో పాలవాడి లెక్కలున్నవి.)

ఆ పుస్తకం వల్ల తెలిసిన వింత ఒకటి చెప్పాలి. పియానో అన్న రెండు చేతులూ కలిపి వాయించబోతే ప్రతిసారీ కుప్పకూలేది. కుడిచేతితో పోతే బాగానే ఉండేది, ఎడమచేతితో పోతే నడిచేది, కలిపితే లేదు. తలలో రెండు పనులు పట్టవని, వయసు అయిపోయిందని అనుకున్నాడు. ఆగిన చోట్లు రాసి చూస్తే వయసు ప్రసక్తి లేదు. కుడిచేతికి వేలు మారే చోటు ‘గ’కూ ‘మ’కూ నడుమ. ఎడమచేయి ఎక్కేటప్పుడు చిటికెనవేలితో మొదలై బొటనవేలికి ‘ప’ దగ్గర వస్తుంది. అక్కడ నడిమివేలు బొటనవేలి మీదుగా దాటి ‘ధ’ మీద పడాలి. అంటే ఒక చేయి మలుపు తిరిగిన రెండు అడుగులకు రెండవ చేయి మలుపు తిరగాలి. బస్సులో ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కినట్టు. అది తెలిసినాక ఆయన ‘గ మ ప ధ’ అనే నాలుగే స్వరాలు పట్టుకుని వారమంతా వాయించినాడు. చెవులకు తగిలించుకునే యంత్రం పెట్టుకుని వాయిస్తాడు గనుక ఇంట్లోవాళ్ళకు వినబడేది ప్లాస్టిక్కు మెట్ల టకటక మాత్రమే. వంటింట్లో ఎవరో మాటిమాటికీ చిక్కుడుకాయలు తుంచుతున్నట్టున్నదని ఆయన ఇల్లాలు అన్నది. తొమ్మిదవ వారం రెండు చేతులూ కలిసి పైదాకా పోయినవి, చాలా నెమ్మదిగా.

ఎడమచేతి సంగతిలో మాలో అందరికన్న ముందున్నది వదినె. మాస్టరు కూడా ఆశ్చర్యపోయినారు. ఆమెకు ఆశ్చర్యం లేదు. “కుట్టుమిషను కాడ కాళ్ళు తొక్కుతయి, ఎడమచేయి బట్ట తోస్తది, కుడిచేయి చక్రం అందుకుంటది. ఇక్కడ కాళ్ళకు పని లేదు, అదొక్కటే తేడా” అన్నది. హార్మోనియంలో ఎడమచేతి పని ఊపిరి ఇవ్వడం. కొత్తవాడు స్వరం మారినప్పుడల్లా తిత్తిని కూడా కుదుపుతాడు, పాట ఎక్కిళ్ళు పెడుతుంది. బట్ట లాగకుండా తోయడం తెలిసిన చేతికి తిత్తి కుదపకుండా ఊదడం ఒక లెక్కా? ఎడమచేయి అనగానే చిన్నచూపు మనకు అలవాటు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న ఆస్ట్రియా దేశపు పియానో విద్వాంసుడు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం ఫ్రాన్సు స్వరకర్త రవెల్ ఒక్క ఎడమచేతికే పెద్ద కృతి రాసినాడు. 1932లో వియన్నాలో దాన్ని వాయించినారు. ఈ కథ చెప్తే వదినె, “మరి ఆయన చక్రం ఎవరు తిప్పిండ్రు?” అని అడిగింది. ఆర్కెస్ట్రా తిప్పింది అన్నాము.

తాత బాధ వేరు. తెగిన పోగును నడిచే సాంచె మీద అతికిన వేళ్ళు ఆయనవి, చూపుడువేలూ బొటనవేలూ ఇప్పటికీ చురుకు. ఉంగరపువేలు మాత్రం లేవదు. అది లేవకపోవడం ఆయన తప్పు కాదు. చేతి వెనుక భాగంలో ఆ వేలి నరం పక్క వేళ్ళ నరాలతో అడ్డంగా ముడిపడి ఉంటుంది గనుక ఎవరికీ అది ఒంటరిగా పైకి లేవదు. చదువరులు అరచేతిని బల్లమీద బోర్లించి, నడిమివేలు మడిచి లోపలికి పెట్టి, ఉంగరపువేలిని ఎత్తి చూడండి, తెలుస్తుంది. తాత ఊరుకోలేదు. మనవడి రబ్బరుబ్యాండు వేలికి తగిలించుకుని గుంజడం మొదలుపెట్టినాడు. వెంటనే మానిపించినాము. జర్మనీ స్వరకర్త షూమన్ వేళ్ళ బలం కోసం అతిగా సాధన చేసి, వేలికి ఒక యంత్రం కూడా కట్టుకుని కుడిచేయి పాడుచేసుకున్నాడని, ఇరవై రెండేండ్ల ప్రాయంలోనే వాద్యకారుడు కావాలనే ఆశ వదులుకున్నాడని చెబుతారు. ఇరవైలోనే అట్లా అయితే డెబ్బైలో ఏం గతి? నొప్పి వచ్చిన చోట ఆపాలి. ఈ మాట పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసి ఉన్నది.

సాధన ఎంతసేపు అన్నది ఇంకొక తగవు. చెల్లెకు వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. ఆదివారం ఒక్కనాడే రెండు గంటలు కూర్చుని వారం బాకీ తీర్చేది. తాత రోజూ పావుగంట, చాయ మరిగేలోపల. పావుగంటవాడే ముందుకు పోయినాడు. వేళ్ళ పాఠం నిద్రలో గట్టిపడుతుందని, నిన్న తడబడిన వరస పడుకుని లేచినాక తేలికగా వస్తుందని పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపినారు. రెండు గంటల బాకీకి మధ్యలో ఒక్క నిద్ర కూడా లేదాయె. ఇప్పుడు చెల్లె డ్యూటీకి పోయే ముందు పది నిమిషాలు పెట్టె దగ్గర ఆగి పోతున్నది. చెప్పులు కూడా విడవదని వదినె ఫిర్యాదు.

ఇంతకన్న పెద్ద చిక్కు చెవిది. పెద్దవాళ్ళకు చేయి వారం పిల్ల, చెవి అరవై ఏండ్ల ముసలి. పుట్టినప్పటి నుంచి విన్న పద్యాలు, పాటలు, అమ్మమ్మ జోలలు చెవిలో ఉన్నవి. పెట్టె మీద ఒక స్వరం నొక్కగానే “ఇది కాదు” అని చెవి అంటుంది. సగం సార్లు ఆ చెవి మాట నిజమే. మన గొంతు ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారుతుంది, ఊగుతుంది. పెట్టెలో మెట్టు ఉన్న చోటే స్వరం. గమకం పలకదనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. పియానో అన్న ఒకనాడు ఇదే పట్టుకుని, “నా గొంతులో ఉన్నది ఇందులో లేనే లేదు, ఇక ఎందుకు?” అన్నాడు. మాస్టరుకు ఈ సంగతి చేరింది. పాడవలసింది గొంతు, పెట్టె దానికి నేల పరుస్తుంది, నేల ఊగితే ఎవరు నిలబడతారు అని ఆయన మరాఠీలో నవ్వినారు. మాకు సరిపోయింది. అన్నకు ఇంకా సగమే సరిపోయింది, ఆయన వాదం ఆయనది.

శ్రుతి పేర్ల దగ్గర జరిగిన గలాటా మన బొంబాయి తెలుగువాళ్ళకే జరిగేది. పెద్దమ్మ ఏ శ్రుతిలో పాడుతుందని మాస్టరు అడిగితే, పెద్దాయన ఇల్లాలు “ఐదున్నర” అన్నది. మాస్టరు “కాళీ చార్” అంటారు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. తీరా చూస్తే రెండూ ఒకటే మెట్టు. మనవాళ్ళు తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడని లెక్కబెట్టి నడుమ నల్లవాటిని ఒకటిన్నర, రెండున్నర అంటారు. మరాఠీవాళ్ళు నల్లవాటిని విడిగా లెక్కబెడతారు. నాలుగవ నల్లమెట్టే మన ఐదున్నర. ఇంకొక ముచ్చట. మా మగవాళ్ళు పాడేది ఒకటిన్నర. దానికి పంచమం పట్టుకుంటే సరిగ్గా ఐదున్నర మీద పడుతుంది. పెద్దాయన ఒకటే పెట్టె మీద ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఎట్లా నడిపినాడో అప్పుడు అర్థమైంది. వాళ్ళ ‘ప’ను వీళ్ళకు ‘సా’ చేసి ఇచ్చేవాడు.

ఐదున్నర అని తేలినాక మా పని మళ్ళీ మొదటికి వచ్చింది. ఇన్నాళ్ళు తెల్లమెట్ల మీద నేర్చుకున్న బిలావల్, మన శంకరాభరణమే, ఇప్పుడు నల్లమెట్టు నుంచి మొదలుకావాలి. సా రే నల్లవి, గ తెల్లది, మ ప నల్లవి, ధ ని తెల్లవి. వేళ్ళ వరస మారిపోయింది. కష్టపడి సాధించిన ఆ ‘మ’ ఇప్పుడు నల్లమెట్టు మీద ఉన్నది, బొటనవేలితో అందుకోరాదు. తాత పెట్టె మూసి కిటికీ దగ్గరకు పోయి నిలబడినాడు. ఆ ఆదివారం పుస్తకంలో ఆయన పేరు కింద ఏమీ రాయలేదు.

సిగ్గు మాట చెప్పి ముగిస్తాము. చాల్‌లో గోడ ఒకటే, గ్యాలరీ ఒకటే. మీ వేలు జారితే మూడు అంతస్తులకు తెలుస్తుంది. తాత తప్పుగా వాయించిన వరసను కింది ఇంటి పసిపిల్ల నేర్చుకుని అట్లాగే కూనిరాగం తీస్తున్నది; దిద్దితే ఏడుస్తున్నది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు “ఇయ్యాల మీ ‘మ’ దొరికిందా?” అని అడుగుతారు. కామాఠిపురా పడగొట్టి మేడలు కడతారన్న మాట కొన్నేండ్లుగా నలుగుతున్నది గదా. “ఫ్లాటు వస్తే తలుపేసుకుని హాయిగా వాయించుకోవచ్చు, ఎవరూ వినరు” అని అన్న ఒకనాడు అన్నాడు. వదినె సూదిలో దారం ఎక్కిస్తూ, “ఎవరూ వినకపోతే తప్పని చెప్పేదెవరన్నా?” అన్నది. ఇద్దరి మాటా మాకు నిజమే అనిపించింది. ఆ మాట వచ్చిన రాత్రి నుంచి అన్న చెవుల యంత్రం లేకుండా వాయిస్తున్నాడు, తొమ్మిది గంటలదాకా.

పోయిన శనివారం భజనలో ఫోను పెట్టలేదు. తాత పెట్టె ముందు, వదినె పక్కన, ఒకే ఒక పాట. తిత్తి వదినె చేతిలో, మెట్లు తాత చేతిలో; రెండు మనుషులు కలిస్తే ఒక పెద్దాయన. ‘మ’కు నడిమివేలు వాడమని మాస్టరు చూపిన దారిలో పోయినారు, చరణంలో రెండుచోట్ల ఆగినారు, పాడేవాళ్ళూ ఆగినారు. పెద్దమ్మ లోపలికి రాలేదు. గ్యాలరీలో కటకటాలు పట్టుకుని చివరిదాకా నిలబడింది. పోయేటప్పుడు తాతను పిలిచి, “నువ్వు నాకన్న ముందే ఉరుకుతున్నవు” అని చెప్పి మెట్లు దిగింది. ఆదివారం పుస్తకంలో తాత పేరు కింద చెల్లె ఆ మాటే రాసుకున్నది.

వచ్చే బుధవారం పెట్టె రీడ్లు తుడిచి శ్రుతి చేయడానికి మనిషి వస్తాడు. ఈ వానలకు రెండు మెట్లు లేవడం లేదు. ఆ వారం పెట్టె దొరకదు గనుక ఆదివారం అన్న కీబోర్డు భజన గదికి తెస్తాడు. కూర్చోదలచినవాళ్ళు సాయంత్రం ఐదున్నరకు రావచ్చును. చాయ వదినెది, చక్కెర ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.